రాత్రి గాలం వేటకు పాంటూన్ పడవ: దీపాలు, బ్యాటరీ, వైరింగు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ముందు ఒకసారి చెబుతాను. రెండు అల్యూమినియం గొట్టాల మీద చెక్క పలక బిగించిన 20 అడుగుల పాత పాంటూన్ పడవను మీరు కొన్నారు, దానికి 15 గుర్రపు శక్తి అవుట్‌బోర్డు ఇంజిను ఉంది. భీమిలి దగ్గర గోస్తనీ మొగ లోపలి నీటిలో లంగరు వేసుకుని, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి సాయంత్రం నుంచి తెల్లవారుజాము వరకు పండుగప్పకు గాలం వేయాలన్నది మీ కోరిక. అందుకు 50 వాట్ల ఫ్లడ్ లైట్లు నాలుగు, ఇంట్లో ఖాళీగా పడి ఉన్న కారు బ్యాటరీ, ఒక చిన్న ఇన్వర్టరు సరిపోతాయా అనీ, చేపలను రప్పించడానికి నీటిలోకి ఆకుపచ్చ దీపం దించవచ్చా అనీ అడిగారు.

విశాఖపట్నం చేపల రేవులో ఇరవై ఏళ్ళకు పైగా బోట్ల కరెంటు పని చేస్తున్నాను. మరబోట్లు, ఫైబర్ బోట్లు, విహారానికి తిప్పే పాంటూన్లు, అన్నిటికీ తీగలు లాగాను, ఉప్పు తినేసిన తీగలను పీకి మళ్ళీ వేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ నాలుగు ఫ్లడ్ లైట్లనూ, ఇన్వర్టరునూ ఈ పడవకు పెట్టకండి. వాటికి కేటాయించిన డబ్బును మంచి తీగకు, మంచి స్విచ్ పలకకు, ఒక పొడవాటి దీపస్తంభానికి ఖర్చు పెట్టండి. కారణాలు వివరంగా చెప్పాలి కనుక సమాధానం పొడవుగానే ఉంటుంది.

మొదట పడవ గురించి ఒక మాట. పాంటూన్ నిలకడ నీటి కోసం తయారైన పడవ. పలక నీటికి దగ్గరగా ఉంటుంది, ముందుభాగం అలను చీల్చదు. ఎదురుగా వచ్చిన అల పలక కిందికి దూరితే పడవను పైకి ఎత్తుతుంది, పలక మీదికి ఎక్కితే ముందుభాగాన్ని కిందికి తొక్కుతుంది. మొగ దగ్గర ఇసుక మేట మీద అలలు విరుగుతుంటాయి. పాటు వేళ నది నీరు బయటకు ఉరుకుతున్నప్పుడు ఎదురుగాలి వీచిందంటే అక్కడ అలలు నిటారుగా లేస్తాయి. కాబట్టి మేట దాటి సముద్రంలోకి వెళ్ళే ఆలోచన ఉంటే ఈ పడవతో మానుకోండి. లోపలి నీటికే పరిమితమైనా లంగరు వేసే చోటును పగటిపూట, పోటు పాటు రెండు వేళల్లోనూ చూసి ఎంచుకోండి. మన తీరంలో పోటు పాటుల తేడా రెండు మీటర్లకు మించకపోయినా, లోతు తక్కువ ఉన్న పాయలో అది పడవను బురదలో కూర్చోబెట్టడానికి చాలు. ఇంజినుతో నడిచే పడవ కనుక రిజిస్ట్రేషను, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధం గురించి స్థానిక మత్స్యశాఖ కార్యాలయంలో ముందే మాట్లాడుకోండి.

ఇక ఆకుపచ్చ దీపం సంగతి. నీటిలోకి దీపం దించితే ముందు సూక్ష్మజీవులు చేరతాయి, వాటి కోసం నెత్తళ్ళ వంటి చిన్న చేపలు వస్తాయి, వెలుగుకూ చీకటికీ మధ్య అంచున పెద్ద చేప కాపు వేస్తుంది. ఇది నిజమే. ఎర్రటి వెలుగును నీరు కొద్ది మీటర్లలోనే పీల్చేసుకుంటుంది కనుక, మట్టి కలిసిన తీరపు నీటిలో ఆకుపచ్చ వెలుగే ఎక్కువ లోతుకు దిగుతుంది. కానీ దీపాలతో చేపలను రప్పించి పట్టే పద్ధతి వల్ల చిన్న చేపలు, గుడ్ల మీద ఉన్న చేపలు కూడా ఊడ్చుకుపోతున్నాయని, భారత ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు ఉన్న సముద్రంలో, ట్రాలు వలలకూ చుట్టు వలలకూ చేప మొప్పలు చిక్కుకునే గిల్ నెట్లకూ ఎల్‌ఈడీ దీపాలు వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో నిషేధించింది. మీది గాలం వేట, అదీ మొగ లోపల, కాబట్టి ఆ ఉత్తర్వులోని మాటలు మీకు సూటిగా వర్తించవని మీరు వాదించవచ్చు. అయినా తీరం వెంబడి వేటకు రాష్ట్రం 1994లో చేసిన చట్టం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ నీటి మీద బతికే గంగపుత్రులు దీపాల వేట వల్ల నష్టపోయినవారు. మీ పడవ కింద ఆకుపచ్చ వెలుగు కనబడితే వారికి కలిగే కోపం న్యాయమైనదే. నేను ఇంతవరకు ఏ పడవకూ చేపలను పిలిచే దీపం బిగించలేదు, మీకూ బిగించమని చెప్పను. పండుగప్పకు ఆ దీపం అవసరం కూడా లేదు. పోటు తిరిగే వేళ, వంతెన స్తంభాల నీడలోనో రాళ్ళ పక్కనో బతికున్న రొయ్యను ఎరగా వేస్తే అది చీకట్లోనే అందుకుంటుంది.

పలక మీది వెలుతురు దగ్గర దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. చీకటిగా ఉంది కనుక ఎక్కువ వెలుతురు కావాలనుకుంటారు. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి ఫ్లడ్ లైటు ఒక్కసారి వెలిగితే ఆ అలవాటు క్షణాల్లో పోతుంది. ఆ తరువాత మీకు మీ పలక, మీ స్నేహితుల ముఖాలు తప్ప ఏమీ కనబడవు. ఎదురుగా దీపం లేకుండా వచ్చే తెప్ప గానీ, నీటిలో తేలుతున్న వల బెండ్లు గానీ, కొట్టుకొచ్చిన దుంగ గానీ కనబడవు. రాత్రి పడవ మీద ప్రమాదాలు ఎక్కువగా ఈ కనబడకపోవడంలోంచే పుడతాయి.

అందువల్ల పలక చుట్టూ ఉన్న కటకటాల అడుగు భాగంలో, మోకాలి కన్నా కింద, కాళ్ళ దగ్గర మాత్రమే వెలుగు పడేట్టు సన్నని ఎల్‌ఈడీ పట్టీని లోపలి వైపుకు, కిందికి తిప్పి బిగించండి. మొత్తం 6 వాట్లు చాలు. రంగు ఎరుపైతే కంటికి చీకటి అలవాటు చెడదు, పసుపు కలిసిన నారింజ రంగైతే పురుగుల బెడద తక్కువగా ఉంటుంది. నేను రెండూ వాడాను, నా మొగ్గు నారింజ రంగు వైపు. ఎర్ర వెలుగులో రక్తం కనబడదు, ఎర్ర తీగకూ తెల్ల తీగకూ తేడా తెలియదు. వేలికి గాలం గుచ్చుకున్నప్పుడు అది చిన్న విషయం కాదు. పైగా బయటి నుంచి చూసేవారికి ఎర్రటి పట్టీ మీ పడవ ఎడమవైపు దీపంలాగా, ఆకుపచ్చ పట్టీ కుడివైపు దీపంలాగా భ్రమ కలిగిస్తుంది. నియమిత దీపాలుగా పొరపడేలా మరే దీపమూ వెలిగించకూడదని అంతర్జాతీయ నౌకా నియమాలే చెబుతున్నాయి. చేపను గాలం నుంచి విడదీయడానికి, తెగిన ముడి వేసుకోవడానికి 10 వాట్ల తెల్ల దీపం ఒకటి పైకప్పు కింద మధ్యలో ఉండాలి. అయితే దానికి నొక్కి పట్టుకుంటేనే వెలిగే స్విచ్ గానీ, రెండు నిమిషాలకు తానే ఆరిపోయే టైమరు గానీ పెట్టించండి. లేకపోతే అది రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఇతరులకు చూపించే దీపాలు. 1972 నాటి ఢీకొనడాల నివారణ నియమాల ప్రకారం 12 మీటర్ల కన్నా పొట్టి ఇంజిను పడవ, నడుస్తున్నప్పుడు చుట్టూ 360 డిగ్రీలు కనబడే తెల్ల దీపం ఒకటి, ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలు చూపితే సరిపోతుంది. పక్క దీపాలు ఒక్కొక్కటి నేరుగా ముందు నుంచి తన వైపుకు 112.5 డిగ్రీల మేర కనబడాలి. తెల్ల దీపం రెండు నాటికల్ మైళ్ళ దూరానికి, పక్క దీపాలు ఒక మైలు దూరానికి కనబడేంత శక్తి కలిగి ఉండాలి. తెల్ల దీపం పక్క దీపాల కన్నా కనీసం ఒక మీటరు ఎత్తులో ఉండాలి. లంగరు వేసిన తరువాత తెల్ల దీపం ఒక్కటే వెలగాలి, ఎరుపు ఆకుపచ్చలు ఆరిపోవాలి. మన దగ్గర చాలామంది లంగరు మీద కూడా మూడూ వెలిగించి ఉంచుతారు. ఎదుటి బోటు నడిపే సరంగుకు అది నడుస్తున్న పడవ అన్న అర్థాన్ని ఇస్తుంది, మీరు పక్కకు తప్పుకుంటారని అతను ఎదురు చూస్తాడు. కాబట్టి విడివిడి స్విచ్‌లు కాకుండా, ఒక వైపు నొక్కితే ప్రయాణం, మరో వైపు నొక్కితే లంగరు, మధ్యలో ఉంటే ఆరిపోయి ఉండే మూడు స్థానాల స్విచ్ పెట్టించండి. ఎరుపు కింద తెలుపు నిలువుగా వెలిగించే దీపాల జత వేటలో ఉన్న పడవలకు ఉద్దేశించినది నిజమే కానీ, అది వలల వంటి వాటి వల్ల పక్కకు తిరగలేని పడవలకు. గాలం వేసుకుని కూర్చున్న మీరు దాన్ని వెలిగించకూడదు.

పాంటూన్‌లో ఈ తెల్ల దీపానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎండ కోసం వేసిన పైకప్పు దాన్ని మింగేస్తుంది. వెనుక కటకటానికి గుచ్చిన రెండు అడుగుల కర్ర మీద దీపం పెడితే, ముందు నుంచి వచ్చేవాడికి పైకప్పు, నిలబడిన మనుషులు అడ్డం వస్తారు. దీపస్తంభం పైకప్పు కన్నా కనీసం ఒకటిన్నర అడుగు పైకి ఉండాలి, దీపం కింద ఒక నల్లటి చిన్న పళ్ళెం ఉండాలి. ఆ పళ్ళెం లేకపోతే తెల్లటి గుడ్డ కప్పు మీద పడిన వెలుగు తిరిగి మీ కళ్ళలోకే వస్తుంది. ఊరి దీపాలు వెనుక ఉన్నప్పుడు చిన్న తెల్ల దీపం వాటిలో కలిసిపోతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. బీచ్ రోడ్డు వెలుగుల ముందు ఆగి ఉన్న ఫైబర్ బోటును నీటి మీద నుంచి కనిపెట్టడం ఎంత కష్టమో రేవు నుంచి రాత్రి బయలుదేరిన ఏ సరంగును అడిగినా చెబుతాడు. భీమిలిలో అంత వెలుగు లేకపోయినా ఒడ్డున వీధి దీపాలు ఉంటాయి. అందుకని ఎవరైనా మీ వైపు వస్తున్నట్టు అనిపిస్తే మీ పైకప్పు మీదికి, మీ పలక మీదికి టార్చి వేసి పడవ ఆకారాన్ని చూపించండి. ఎదుటివాడి కళ్ళలోకి మాత్రం వేయవద్దు.

విద్యుత్తు లెక్కకు వస్తాను. మీరు అనుకున్న నాలుగు దీపాలు 200 వాట్లు. సగటు కారు బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లు అనుకుంటే దానిలో ఉన్నది సుమారు 540 వాట్ అవర్లు. అందులో సగానికి మించి వాడితే సీసపు పలకలు పాడవుతాయి కనుక చేతికి వచ్చేది 270. ఇన్వర్టరు నష్టం కూడా తీసేస్తే గంటా ఇరవై నిమిషాలు కూడా గడవకముందే అది అయిపోతుంది. ఏడు గంటలకు వెలిగిస్తే ఎనిమిదిన్నరకు చీకటి అన్నమాట. కారు బ్యాటరీ ఇంజినును ఒక్క ఊపులో తిప్పడానికి పలుచని పలకలతో చేసినది, రాత్రంతా కొద్దికొద్దిగా ఇవ్వడానికి పనికిరాదు. ఇక తడిసిన అల్యూమినియం పడవ మీద 230 వోల్టులు తయారు చేసే పెట్టె ఉంచడం ప్రాణాలతో చెలగాటమే. మీకు కావలసినవన్నీ 12 వోల్టులలోనే దొరుకుతాయి.

నేను చెప్పిన పద్ధతిలో అయితే ఖర్చు ఇలా వస్తుంది. లంగరు దీపం 3 వాట్లు పది గంటలకు 30 వాట్ అవర్లు. పక్క దీపాలు రానుపోను గంటసేపు వెలిగితే 4. కాళ్ళ దగ్గర పట్టీ తొమ్మిది గంటలకు 54. పని దీపం అప్పుడప్పుడు కలిపి గంటన్నరకు 15. చేపలను, లోతును చూపించే ఫిష్ ఫైండరు 10 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 80. వీహెచ్‌ఎఫ్ రేడియో (బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది) వింటూ ఉండటానికి 55. ఎర రొయ్యలు బతికి ఉండటానికి గాలి కొట్టే చిన్న మోటారు పది గంటలకు 50. మూడు ఫోన్లకు 60. మొత్తం 348. దీనికి పావు వంతు కలిపి 435 అనుకోండి. 12తో భాగిస్తే సుమారు 36 ఆంపియర్ అవర్లు. రాత్రంతటికీ ఇంతే. సీసపు బ్యాటరీ అయితే సగమే వాడాలి కనుక 72 కావాలి, అంటే 80 గానీ 100 గానీ కొనాలి, లోతుగా వాడటానికి చేసిన రకం కొనాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎనభై శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు కనుక 50 ఆంపియర్ అవర్లది, అంటే 640 వాట్ అవర్లది, సరిపోతుంది.

రెండింటిలో ఏది అంటే, మీ పడవకు నేను లిథియం ఐరన్ ఫాస్ఫేటే సూచిస్తాను. బరువు తక్కువ కావడం ఒక్కటే దానికి కారణం కాదు. ఖాళీ అవుతున్నా దాని వోల్టేజీ నిలకడగా ఉంటుంది, దీపాలు మసకబారవు. అయితే ఆ మంచి గుణమే ఒక చెడు గుణం కూడా. సీసపు బ్యాటరీ దీపాలను మెల్లగా మసకబార్చి హెచ్చరిస్తుంది. ఇది చివరి వరకు బాగా ఇచ్చి, లోపలి రక్షణ వలయం తెంపేయగానే ఒక్కసారిగా అన్నీ ఆర్పేస్తుంది. వోల్ట్ మీటరు చూసి దీనిలో ఎంత మిగిలిందో చెప్పలేము కనుక, వెళ్ళిన ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మీటరు తప్పక పెట్టించండి. సీసపు బ్యాటరీయే తీసుకుంటే మీటరు అవసరం అంతగా లేదు. దీపాలు, పరికరాలు అన్నీ ఆర్పి కాసేపు ఆగి కొలిస్తే 12.7 వోల్టులు నిండుగా ఉన్నట్టు, 12.1 దగ్గరకు వస్తే సగం అయిపోయినట్టు. ఏ రకమైనా ఇంజిను తిప్పే బ్యాటరీ వేరుగా ఉండాలి, వేట దీపాల బ్యాటరీ వేరుగా ఉండాలి. తెల్లవారుజామున ఇంజిను తిరగకపోతే ఎన్ని చేపలు పట్టినా ఉపయోగం ఉండదు. ముందు ముందు చిన్న ఎలక్ట్రిక్ మోటారు బిగించాలనుకుంటే దానికీ మూడో బ్యాటరీ కావాలి. 55 పౌండ్ల తోపు ఇచ్చే మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల వరకు లాగుతుంది, మీ రాత్రంతటి దీపాల ఖర్చును అది ముప్పావు గంటలో తాగేస్తుంది.

తీగల దగ్గర నేను కొంచెం పట్టుదల గల మనిషిని, ఎందుకంటే నా దగ్గరకు మరమ్మతుకు వచ్చే బోట్లలో చెడిపోయినది దీపం కావడం అరుదు, చెడిపోయినది జోడింపు. ఇళ్ళకు వేసే తీగను పడవకు వేయకండి. దాని రాగి మీద ఏ పూతా ఉండదు. ఉప్పుగాలి కొసలోంచి లోపలికి ఎక్కి, పైన తొడుగు కొత్తగా మెరుస్తూ ఉండగానే లోపల రాగి నల్లబడి, పచ్చటి చిలుము పట్టి, పొడి అయిపోతుంది. ప్రతి పోగుకూ తగరం పూత ఉన్న సన్నని పోగుల తీగ అడిగి తెచ్చుకోండి. ధర ఎక్కువే, కానీ రెండో వర్షాకాలం తరువాత కూడా అది అలాగే ఉంటుంది.

మందం ఎంత కావాలన్నది లెక్కతో తేలే విషయం. వెనుక ఉన్న బ్యాటరీ నుంచి ముందున్న ఫ్యూజు పెట్టెకు 6 మీటర్లు అనుకుంటే, వెళ్ళే తీగ, తిరిగి వచ్చే తీగ కలిపి 12 మీటర్లు. దాని మీద 5 ఆంపియర్లు పారితే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.8 వోల్టులు, రెండున్నర తీగలో దాదాపు 0.5 వోల్టులు, నాలుగు తీగలో 0.3 వోల్టులు దారిలోనే పోతాయి. దీపాలకు, రేడియోకు మూడు శాతానికి మించి, అంటే 0.36 వోల్టుకు మించి పోకూడదన్నది పడవల పనిలో పాటించే కొలత. కనుక ఈ ప్రధాన తీగ 4 చదరపు మిల్లీమీటర్లది వేయండి. అక్కడి నుంచి ఒక్కొక్క దీపానికి ఒకటిన్నర చాలు. బ్యాటరీ పాజిటివ్ నుంచి 7 అంగుళాల లోపే మొదటి ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, తీగను. తీగ ఎక్కడైనా నలిగి చట్రానికి తగిలితే, ఫ్యూజుకు ముందున్న భాగం ఎర్రగా కాలి అంటుకుంటుంది.

జోడింపులను మెలిపెట్టి టేపు చుట్టవద్దు. సరైన కొలత లగ్గును (తీగ కొసకు తొడిగే లోహపు ముక్కను) రాచెట్ క్రింపరుతో (దాన్ని నొక్కి బిగించే పనిముట్టుతో) బిగించి, లోపల జిగురు ఉన్న వేడికి ముడుచుకునే స్లీవు వేయండి. లాగి చూడండి, ఊడి వస్తే పడవ మీద కాకుండా ఇప్పుడే ఊడినందుకు సంతోషించి మళ్ళీ చేయండి. దీపంలోకి వెళ్ళే ముందు తీగను ఒక వంపు కిందికి వేలాడదీసి అప్పుడు పైకి తీసుకువెళ్ళండి. తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. దీపాల మీద ఐపీ 67 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష మంచినీటిలో చేసినది. ఉప్పు చేసే పనిని అది చెప్పదు, అందుకని మరలు, బిగింపులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువై ఉన్నాయా లేదా చూసుకోండి. చవక ఎల్‌ఈడీ దీపాల లోపలి సర్క్యూట్లు రేడియోను మూగబుచ్చుతాయి కూడా. అమెరికా తీర రక్షక దళం 2018లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. వీహెచ్‌ఎఫ్ రేడియోలో గరగర శబ్దం వినిపించే వరకు స్క్వెల్చ్ (ఆ గరగరను అణచి ఉంచే అమరిక) తగ్గించి, దీపాలు ఒక్కొక్కటీ వెలిగించి ఆర్పి చూడండి. ఏ దీపంతో శబ్దం మారితే ఆ దీపాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.

ఇక నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే అది సరిగ్గా మీ పడవ లాంటి దానికే జరిగింది. పని నేర్చుకుంటున్న తొలి రోజుల్లో, ఒక జలాశయంలో తిరిగే విహార పాంటూన్‌కు దీపాలు పెట్టాను. కారులో చేసినట్టే, పాజిటివ్ తీగ ఒక్కటే లాగి, నెగటివ్‌ను ప్రతి దీపం దగ్గరా అల్యూమినియం చట్రానికే బిగించాను. తీగ సగం మిగిలింది, యజమాని మెచ్చుకున్నాడు. మంచినీటిలో ఉన్నంతకాలం ఏమీ కాలేదు. తరువాత దాన్ని ఉప్పునీటి పాయకు తరలించారు. కొన్ని నెలల్లో పడవ ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. పైకి లాగి చూస్తే ఎడమ గొట్టం అడుగున సూదితో గుచ్చినట్టు వరుసగా చిల్లులు ఉన్నాయి. ఆ రోజు పడవ మీద పిల్లలు లేరు కాబట్టి ఈ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

జరిగింది ఇదీ. కరెంటు ఏ లోహం నుంచి నీటిలోకి దిగుతుందో ఆ చోట లోహం కూడా దానితో కరిగి వెళ్ళిపోతుంది. ఒక ఆంపియరు కరెంటు అల్యూమినియం నుంచి నీటిలోకి ఒక పగలూ ఒక రాత్రీ కారితే, ఫారడే సూత్రం ప్రకారం సుమారు 8 గ్రాముల లోహం పోతుంది. అది గొట్టమంతటా సమానంగా పోదు, రంగు లేచిన చోట, గీత పడిన చోట గుచ్చినట్టు పోతుంది. చట్రంలో బిగింపులు వదులై, కరెంటుకు లోహం కన్నా ఉప్పునీరే తేలిక దారి అయినప్పుడు గొట్టం తినివేయబడింది. అందువల్ల ప్రతి దీపానికీ రెండు తీగలూ వేయండి, చట్రాన్ని తిరుగు దారిగా ఎన్నడూ వాడకండి. బ్యాటరీ ప్రధాన స్విచ్‌ను వేట అయిపోగానే ఆర్పేయండి. గొట్టాలకు బదులుగా తామే కరిగిపోయే బలి లోహపు దిమ్మలను గొట్టాలకు బిగించండి. గోస్తనీ మొగ వంటి ఉప్పూ మంచీ కలిసే నీటికి అల్యూమినియం మిశ్రమపు దిమ్మలు తగినవి. పూర్తి మంచినీటికి మెగ్నీషియం, సముద్రానికి జింకు వాడతారు. వాటి మీద పొరపాటున కూడా రంగు వేయవద్దు. రాగి కలిసిన నాచు నివారణ రంగును అల్యూమినియం గొట్టాలకు అసలే పూయవద్దు, అది చేసే హాని కూడా ఇలాంటిదే. నెలకు ఒకసారి గొట్టాల బిరడాలు విప్పి లోపల నీరు ఉందేమో చూడండి.

చార్జింగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఈ పరిమాణపు అవుట్‌బోర్డు ఇంజిన్లలో చార్జింగు ఉన్నా అది కొద్ది ఆంపియర్లే, తాడు లాగి తిప్పే రకాల్లో అదీ ఉండకపోవచ్చు. దాని మీద ఆధారపడకండి. ఇంట్లో బ్యాటరీ రకానికి తగిన చార్జరుతో నింపుకుని వెళ్ళడం ఉత్తమం. లిథియానికి 14.4 వోల్టుల దగ్గర ఆగే చార్జరు కావాలి, పాత ఇన్వర్టరు చార్జరు పనికిరాదు. పడవను నీటిలోనే ఉంచేటట్టయితే పైకప్పు మీద 100 వాట్ల సోలార్ పలక ఒకటి, వర్షాకాలం మినహా మన విశాఖ ఎండలో రోజుకు 350 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది. వారానికి ఒకటి రెండు రాత్రులు వెళ్ళేవారికి అది ఎక్కువే. పలక మీద ఉప్పు పొర పడుతుంది, మంచినీటితో తుడవాలి.

బ్యాటరీని పడవ వెనుక భాగంలో, కుడి ఎడమలకు మధ్యలో, పలకకు ఆనించి, పట్టీతో కదలకుండా కట్టండి. సీసపు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు వచ్చే హైడ్రోజన్ గాలి కన్నా తేలిక, పైకి పోతుంది, పెట్టె పైభాగంలో రంధ్రాలు ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, కింద పేరుకుంటుంది. సీటు కింద ఒకే అరలో పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, స్విచ్‌లు కలిపి పెట్టిన పడవలను నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ విడదీయించాను. 2023 నవంబరు 19 రాత్రి మన చేపల రేవులో మంటలు లేచి సుమారు నలభై బోట్లు కాలిపోయిన దృశ్యాన్ని చూసినవాళ్ళం మేము. నిప్పు ఒక బోటు నుంచి మరో బోటుకు ఎంత వేగంగా దూకుతుందో అప్పుడు తెలిసింది. పొడి రసాయనపు మంటలార్పే సిలిండరు ఒకటి చేతికి అందే చోట ఉంచండి. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్టు ఉండాలి, చీకట్లో అది ఒంటి మీదే ఉండాలి. మెడలో వేలాడే వాటర్‌ప్రూఫ్ టార్చి ఒక్కొక్కరికి ఒకటి. ఫోన్లలో తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554 దాచుకోండి, రేడియోను 16వ ఛానెలు మీద ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర స్థితి సూచన చూడకుండా ఆ నెలల్లో తాడు విప్పకండి.

అన్నీ బిగించిన తరువాత వెంటనే వేటకు వెళ్ళవద్దు. ఒక రాత్రి పడవను ఒడ్డునే కట్టి, అన్ని దీపాలూ వెలిగించి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, ముందున్న దీపం దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. తేడా 0.36 కన్నా ఎక్కువ వస్తే ఏదో ఒక జోడింపు సరిగా లేదు, చేతితో తాకి చూస్తే వెచ్చగా ఉన్నది అదే. తరువాత స్నేహితులను పలక మీద నిలబెట్టి, మీరు మరో పడవలో మూడు నాలుగు వందల మీటర్ల దూరం వెళ్ళి మీ పాంటూన్ చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి రండి. ఆ చుట్టులో ఎక్కడైనా తెల్ల దీపం ఒక్క క్షణం మాయమైనా దీపస్తంభాన్ని ఇంకొక అడుగు పెంచి, మళ్ళీ తిరిగి చూడండి.